ఆ పెట్టెకి పుట్టంటే ఎంతో ఎవరు చెప్పారు?

ఒంగోలులో ఎంటెక్ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "జాన్ మైలోపౌలోస్ నాలెడ్జ్ రిప్రజెంటేషన్‌ని సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్స్‌తో కలిపి చేసిన పరిశోధన మీద థీసిస్ చేద్దామనుకుంటున్నాను. పాత టాపిక్ అనీ, ఉద్యోగానికి పనికిరాదనీ అందరూ భయపెడుతున్నారు. నిజమేనా?"

నిజం కాదు. ధైర్యంగా తీసుకోండి. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో ముందుగా రాసుకునేవి రిక్వైర్‌మెంట్స్, లోకం గురించి మనకు తెలిసింది యంత్రానికి అర్థమయ్యేలా రాయడం నాలెడ్జ్ రిప్రజెంటేషన్. ఈ రెండింటినీ కలిపి పనిచేసిన కంప్యూటర్ సైంటిస్టు మైలోపౌలోస్. నేను పేపర్లు చదివి ఈ మాట చెప్పడం లేదు. కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లులో, కాటా పక్కన నిలబడి నేర్చుకున్నాను. పేపర్లు ఆ తర్వాత చదివాను.

2015లో నెల్లూరులో మాది నలుగురం పనిచేసే చిన్న ఆఫీసు. ఆ మిల్లుకి వడ్ల కొనుగోలు సాఫ్ట్‌వేర్ చేసిచ్చాం. లారీ కాటా ఎక్కగానే బరువు కంప్యూటర్‌లోకి రావాలి, ఖాళీ లారీ బరువు తీసేయాలి, తేమకీ తాలుకీ తరుగు పోవాలి, చివరికి ఎన్ని పుట్లో (పుట్టి అంటే వడ్లు లెక్కకట్టే పాత కొలత), ఎంత డబ్బో లెక్క కట్టి చీటీ రావాలి. సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో చెప్పే ఎస్‌ఆర్‌ఎస్ డాక్యుమెంట్ నేనే రాశాను. నలభై పేజీలు వచ్చింది. ఓనరు ప్రతి పేజీ మీదా సంతకం పెట్టారు. టెస్టింగ్‌లో ఒక్క తప్పూ పడలేదు.

మార్చి నెల, కోతలు ముమ్మరంగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన రెండో రోజు ఒక పెద్దాయన వడ్లు తెచ్చాడు. తరుగు పోను 10,200 కేజీలు. చీటీ మీద 11.33 పుట్లు అని వచ్చింది. ఆయన ఆ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఏంది నాయనా ఇది, పన్నెండు పుట్లు రావాల గదా?" అన్నాడు. పుట్టి పన్నెండు వేలు పలుకుతున్న రోజులు. తేడా ఎనిమిది వేల రూపాయలు.

గుమస్తా లెక్క చూడకుండానే, "కంప్యూటర్ లెక్క పెద్దాయనా, తప్పుండదు" అన్నాడు. ఆయన వాదించలేదు. నా వైపు తిరిగి, "ఆ పెట్టెకి పుట్టంటే ఎంతో ఎవరు చెప్పినారు నాయనా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన చీటీ తీసుకోకుండా కాటా పక్కనే గొంతుకూర్చున్నాడు. వెనక ఏడెనిమిది ట్రాక్టర్లు ఆగిపోయాయి. ఓనరు ఫోన్ మీద ఫోన్. నేను వణుకుతున్న చేతులతో కోడ్ తెరిచాను. మూడు చోట్ల 900 అనే అంకె ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు పెట్టారో ఒక్క ముక్క రాసి లేదు.

తీగ లాగితే తేలింది ఇది. మిల్లు పాత పుస్తకంలో "పుట్టికి 12 గోతాలు" అని ఉంది. మా కోడ్ రాసిన అబ్బాయిది గోదావరి జిల్లా. వాళ్ల వైపు బస్తా అంటే 75 కేజీలు. పన్నెండు డెబ్బయ్యైదులు తొమ్మిది వందలు అని వేసేశాడు. మా నెల్లూరులో పుట్టి అంటే 850 కేజీలు, ఆ మిల్లు గోతానికి పట్టేది 71 కూడా ఉండదు. వాడు అబద్ధం రాయలేదు, పుస్తకంలోనూ అబద్ధం లేదు. నెల్లూరువాడిని కాబట్టి పుట్టి 850 అని విడిగా రాయాలని నాకు తట్టనే లేదు. టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదంటే, సరిచూసుకోవడానికి మేం కట్టిన లెక్కలు కూడా ఆ 900తోనే కట్టాం. రెండు తప్పులూ ఒకదానికొకటి సరిపోయాయి.

మైలోపౌలోస్ పని మొత్తం నాకు ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబులాగే కనిపిస్తుంది. ఆయన గ్రీసులో పుట్టి, ప్రిన్స్‌టన్‌లో 1970లో పీహెచ్‌డీ చేసి, టొరంటో యూనివర్సిటీలో దశాబ్దాలు పనిచేశారు. 1982లో సోల్ గ్రీన్‌స్పాన్, అలెక్స్ బోర్గిడాలతో కలిసి ఒక పేపర్ రాశారు. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో రాస్తే చాలదు, అది ఏ లోకంలో పనిచేస్తుందో ఆ లోకం గురించిన జ్ఞానాన్ని కూడా రిక్వైర్‌మెంట్స్‌లో పెట్టాలి అన్నది అందులో వాదన. అప్పటికే ఏఐ వాళ్లు జ్ఞానాన్ని యంత్రంలో ఎలా దాచాలా అని పనిచేస్తున్నారు. ఆ పద్ధతులను వీళ్లు రిక్వైర్‌మెంట్స్‌లోకి తెచ్చారు. నా నలభై పేజీల్లో "సిస్టమ్ పుట్లు లెక్కించాలి" అని ఉంది. పుట్టి అనే వస్తువు గురించి ఒక్క వాక్యం లేదు.

ఇలాంటి జ్ఞానాన్ని రాసుకోవడానికి 1990లో వచ్చిన వాళ్ల టెలోస్ అనే భాషలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ప్రతి విషయానికీ రెండు కాలాలు ఉంటాయి: అది లోకంలో ఎప్పుడు నిజం అన్నది ఒకటి, సిస్టమ్ దాన్ని ఎప్పటి నుంచి నమ్ముతోంది అన్నది రెండోది. మా కోడ్‌లో ఆ 900 పక్కన ఈ రెండో ముక్క ఉన్నా రెండు గంటలు వెతికే పని తప్పేది.

ఇది పుట్టితో ఆగే గొడవ కాదు. నెల్లూరులో ఇళ్లస్థలం అంకణాల్లో చెబుతాం, అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతి పోతే అదే మాటకి 36. రియల్ ఎస్టేట్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు ఈ ఒక్క మాట సరిగ్గా రాసుకోకపోతే స్థలం సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది.

మన కాలేజీల్లో దీన్ని చెప్పే తీరు చూస్తే నాకు కడుపు మండుతుంది. ఎస్‌ఆర్‌ఎస్ అంటే ఒక నమూనా ఇచ్చి ఖాళీలు నింపమంటారు. ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కొస్తారు. కళ్ల ముందు రొయ్యల చెరువులు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, పెన్నా కింద వరి ఉంటే, పిల్లలంతా లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమే చేస్తారు. రొయ్యల రేటు కౌంట్ మీద ఉంటుంది. కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. ఆ అంకె పెరిగితే రేటు తగ్గుతుంది. కోడ్‌లో కూర్చోబెట్టాల్సిన జ్ఞానం అది. ఒక్క క్లాసులో కూడా ఇలాంటి ఉదాహరణ నేను వినలేదు.

మిల్లు కథ ఇంకా అవలేదు. 900ని 850 చేశాక ఇంకో చిక్కు వచ్చింది. చీటీ ఐదు సెకన్లలో రావాలి, చిన్నగా ఉండాలి అన్నారు ఓనరు. తేమకి ఎంత, తాలుకి ఎంత, పుట్టి ఎన్ని కేజీలు అన్నీ దాని మీద కనపడాలన్నారు రైతులు. ఒకరికి వేగం కావాలి, ఇంకొకరికి నమ్మకం కావాలి. రెండూ న్యాయమే, ఏ ఒక్కటీ నూరు శాతం తీరదు. ఇలాంటివాటిని సాఫ్ట్‌గోల్స్ అంటారని నాకు తర్వాత తెలిసింది. మైలోపౌలోస్, లారెన్స్ చుంగ్, బ్రయన్ నిక్సన్ 1992లో రాసిన పేపర్‌లో ఏ నిర్ణయం ఏ లక్ష్యానికి సాయం చేస్తుంది, దేన్ని దెబ్బతీస్తుంది అని గీసి చూసే పద్ధతి ఉంది. పూర్తిగా తీరడం కాదు, సరిపడా తీరడం చూడమంటారు. ఎరిక్ యూ 1995లో టొరంటోలో చేసిన ఐ-స్టార్ థీసిస్ ఇంకో అడుగు ముందుకేసింది. ఎవరు ఎవరి మీద దేనికోసం ఆధారపడ్డారో గీయమంటుంది. రైతు డబ్బు కోసం మిల్లు మీద, మిల్లు వడ్ల కోసం రైతు మీద, ఇద్దరూ కాటా సరిగ్గా ఉంటుందని గుమస్తా మీద. నా పాత డాక్యుమెంట్‌లో రైతు ఎక్కడా లేడు. డబ్బిచ్చేది ఓనరు కాబట్టి ఆయన ఒక్కరినే అడిగాను. ఆ తప్పు ఇప్పటికీ బాధపెడుతుంది.

చివరికి చీటీ కాస్త పొడుగు చేశాం, అడుగున "పుట్టి = 850 కేజీలు" అని అచ్చు వేయించాం. ఆ పెద్దాయనకి తేడా డబ్బు ఆ రోజే ముట్టింది.

ఏఐ వచ్చాక ఇదంతా ఎందుకు అనేవాళ్ల మాట వినకండి. పుట్ల లెక్క కట్టే ప్రోగ్రామ్ అడిగితే అది నిమిషంలో రాసిస్తుంది. ఏ ఊరి పుట్టో మీరు చెప్పాలి. కోడ్ రాయడం ఎంత తేలికైతే ఈ చెప్పే పని అంత ముఖ్యమవుతుంది. రాబోయే పదేళ్లలో మంచి జీతాలు దీనికే ఉంటాయని నా గట్టి నమ్మకం.

మీరు ఒంగోలులోనే ఉన్నారు కాబట్టి థీసిస్‌కి ఉదాహరణ వెతుక్కోవక్కర్లేదు. వేలం సీజన్‌లో పొగాకు వేలం కేంద్రానికి వెళ్లండి, ఒక్క రోజు కాదు, వారం వెళ్లండి. పొగాకు గ్రేడుల్లో బ్రైట్ ఏది, మీడియం ఏది, లోగ్రేడ్ ఏదో రైతుని వేరుగా, కొనేవాళ్లని వేరుగా అడగండి. నో బిడ్ అయిన, అంటే ఎవరూ పాట పాడని బేలుని ఇంటికి తిరిగి తీసుకుపోతున్న రైతు పక్కన కాసేపు నడవండి. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకోండి, పక్కన తేదీ కూడా వేసుకోండి.