అమ్మ నా చదువు పేరు సగమే చెబుతోంది

ప్రశ్న: మేడమ్, నాకు 20 ఏళ్లు. నాన్నగారిది భీమవరం దగ్గర పల్లెటూరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఇంగ్లండ్ వచ్చి రెడింగ్‌లో స్థిరపడ్డాం. నేను యూనివర్సిటీలో ‘జాగ్రఫీ విత్ బిజినెస్’ రెండో ఏడాది చదువుతున్నాను. ఎవరైనా అడిగితే అమ్మ ‘బిజినెస్ చేస్తోంది’ అని ఊరుకుంటుంది. మొన్న చుట్టాలు వస్తున్నారని గుమ్మంలో ఉన్న నా ఫీల్డ్ ట్రిప్ బూట్లు, బురదతో సహా, మెట్ల కింద దాచేసింది. బిజినెస్ క్లాసులో అందరికీ ముందే గ్రూపులున్నాయి, నేను పరాయిదాన్ని. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పూర్తిగా బిజినెస్‌కే మారిపోనా?

జవాబు: మీ ఉత్తరం పెద్దది, ఇక్కడ కుదించాను. పూర్తి ఉత్తరంలో యార్క్‌షైర్ హోల్డర్‌నెస్ తీరం గురించే దాదాపు ఒక పేజీ రాశారు. బంకమట్టి గట్టు విరిగి సముద్రంలో పడుతుంటే టేపు పట్టుకుని కొలవడం, కొన్నిచోట్ల ఏడాదికి రెండు మీటర్లకు పైగా నేల పోతుండటం, అంచుకొచ్చిన ఇంటికి బీమా రాదని తెలిసి ఆ రాత్రంతా మీరు ఆలోచిస్తూ ఉండిపోవడం. అకౌంటింగ్ గురించి మాత్రం ఒక్క వాక్యం: ‘పర్వాలేదు, మార్కులు వస్తున్నాయి.’ మారాలన్న కోరిక మీలోంచి పుట్టింది కాదని నాకక్కడే అనిపించింది. ఆ ఇంటి గురించి మీకు పట్టిన దిగులులో నేల కోతా ఉంది, బీమా లెక్కా ఉంది. మీరు సరైన కోర్సులోనే ఉన్నారు. మారొద్దు.

అమ్మ మీద కోపం పెట్టుకోకండి. మన ఇళ్లలో డాక్టర్, సాఫ్ట్‌వేర్ అంటే ఎవరూ మరో మాట అడగరు. జాగ్రఫీ అనగానే ‘అయితే టీచరవుతుందా?’ అంటారు. దానికి ఏం చెప్పాలో ఆవిడకి తెలియదు, పాపం. ఆ జవాబు మీరే అందించాలి. కొత్త సూపర్‌మార్కెట్ ఏ వీధిలో పెడితే జనం వస్తారో, ఏ ఇంటికి వరద ముప్పు ఎంతో, గోదాము ఎక్కడుంటే రవాణా ఖర్చు తగ్గుతుందో చెప్పేవాళ్లకు కంపెనీలు జీతాలిస్తాయి. అయితే డిగ్రీ పేరు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, అది నిజం. కంప్యూటర్లో మ్యాపుల మీద సమాచారం పరిచి విశ్లేషించే జీఐఎస్ గట్టిగా నేర్చుకోండి. దానికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఇంట్లో కూర్చునే సాధన చేయొచ్చు. మీ కోర్సులో ప్లేస్‌మెంట్ ఇయర్‌కి, అంటే చదువు మధ్యలో ఒక ఏడాది కంపెనీలో పనిచేయడానికి, వీలుంటే వదలొద్దు.

నాన్నగారి సంగతి వేరే. ఆయన పుట్టిన ఊరే మీ సబ్జెక్టు. భీమవరం చుట్టూ ఒకప్పటి వరి చేలు ఇప్పుడు రొయ్యల చెరువులు. చెరువు పక్క చేలోకి ఉప్పు ఎక్కితే ఆ రైతు కూడా చివరికి భూమిని చెరువుకే లీజుకిస్తాడు. ఆ రొయ్య అమెరికా వెళ్తుంది. 2025 ఆగస్టులో అక్కడ సుంకం 50 శాతానికి పెంచితే ఆ దిగులు మన చెరువు గట్ల దాకా వచ్చింది. మట్టి, నీరు, కౌలు, ఎగుమతి ధర, అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి! చివరి ఏడాది మీరు రాయాల్సిన పరిశోధన వ్యాసానికి, అదే డిసర్టేషన్‌కి, ఇంతకంటే మంచి అంశం నాకు తోచడం లేదు. ఈసారి ఇంటికెళ్లినప్పుడు గూగుల్ ఎర్త్‌లో 1980ల నుంచి ఇప్పటిదాకా ఆ ప్రాంతం ఉపగ్రహ చిత్రాలు వరసగా నడిపి నాన్నగారికి చూపించండి. ‘మన చేను ఎక్కడ నాన్నా?’ అని అడగండి. మిగతా మాట ఆయనే మొదలుపెడతారు. తాతగారు ఉంటే ఫోనులో ఆయన్నీ కలపండి.

క్లాసులో పరాయితనం చిన్న బాధేం కాదు. ‘విత్’ ఉన్న కోర్సుల్లో రెండో సబ్జెక్టు సాధారణంగా నాలుగో వంతో మూడో వంతో మాత్రమే కాబట్టి ఆ పిల్లలతో గడిపే గంటలే తక్కువ. ఈసారి గ్రూప్ వర్క్ ప్రకటించిన రోజునే పక్కన కూర్చున్న అమ్మాయిని ‘నన్ను కలుపుకుంటారా?’ అని అడిగేయండి. టైమ్‌టేబుల్ గొడవలుంటే యూనివర్సిటీలో మీ బాగోగులు చూసే అధ్యాపకులకి, అంటే పర్సనల్ ట్యూటర్‌కి, చెప్పండి. నిద్ర ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి వెళ్లండి, అందులో నామోషీ ఏమీ లేదు.

సాధారణంగా డిసర్టేషన్ సమాచారం రెండో ఏడాది వేసవి సెలవుల్లోనే సేకరించుకోవాలి. భీమవరం టికెట్ గురించి ఇంట్లో మాట్లాడే ముందు ప్రపోజల్ గడువు ఎప్పుడో, విదేశంలో ఫీల్డ్‌వర్క్‌కి ఏ అనుమతులు కావాలో ఈ వారమే కనుక్కోండి. ఆ బూట్లు మెట్ల కింద నుంచి తీసి కడిగి పెట్టుకోండి, చెరువు గట్ల మీద పనికొస్తాయి.