సిమెంట్ బస్తాలు లెక్కపెట్టు తల్లీ

చిట్టితల్లీ,

సముద్రం అడుగున కార్బన్ డయాక్సైడ్ దాచే చోట లీకేజీ రిస్కు లెక్కగట్టే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత గర్వంగా అనిపించిందో! ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

పైన మూతలా ఉండే షేల్ (బంకమట్టి రాయి) పొర మందం, ఫాల్టులు, అంటే రాతిలో పగుళ్లు, ఎటు పోతున్నాయి, రాయి ఎంత ఒత్తిడికి పగులుతుంది, ఇవన్నీ ఎలాగూ చూస్తావు. దాదాపు 800 మీటర్ల లోతు దాటితే కార్బన్ డయాక్సైడ్ ద్రవమంత సాంద్రంగా మారుతుంది, కానీ ఉప్పునీటికంటే తేలికే కాబట్టి పైకి రావాలనే చూస్తుంది. నార్వే వాళ్లు సముద్రం అడుగున కార్బన్ డయాక్సైడ్ దాచే స్లైప్నర్‌లో 1996 నుంచి పంపిన వాయువు, ఇసుకరాతి మధ్యలోని పలుచని షేల్ పొరలను దాటుకుంటూ తొమ్మిది అంతస్తులుగా పరుచుకుందని సీస్మిక్ సర్వేల్లో (ధ్వని తరంగాలతో భూమి లోపల చూసే సర్వేలు) తేలింది. పైనున్న మందపాటి పొర ఆపింది. కాబట్టి మధ్యలో కనిపించిన ప్రతి పొరనూ అడ్డుకట్టగా రాసేయకు.

నా భయం రాళ్ల గురించి కాదు, చమురు, గ్యాస్ కోసం మనుషులు తవ్వి వదిలేసిన పాత బావుల గురించి.

నేను ఒక బ్లాకులో ముప్పైకి పైగా పాత బావుల కాగితాలు చూశాను. అందులో ఒకదాని మీద ‘ప్లగ్ వేసి మూసివేయబడింది’, అంటే సిమెంట్ బిరడా వేశారని ముద్ర ఉంది. ప్లగ్ లోతు చూశాను, సరిగ్గా షేల్ పొర దగ్గరే. ‘రిస్కు తక్కువ’ అని రాసేశాను. కానీ ఆ ప్లగ్ ఉన్నది కేసింగ్ పైపు (బావిలోకి దించే ఉక్కు పైపు) లోపల. పైపుకూ రాతికీ మధ్య సందులో సిమెంట్ ఎంత ఎత్తుదాకా వచ్చిందో కాగితం అంచున పెన్సిల్‌తో రాసి ఉంది. స్కాన్‌లో చివరి అంకె తెగిపోయింది. నాకు కావలసిన అంకె నేనే ఊహించుకున్నాను.

నా పక్క సీటులోకి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి, ఆ బావిలోకి అప్పట్లో పంపిన సిమెంట్ బస్తాలు ఎన్నో కాగితాల్లో చూసి లెక్కపెట్టింది. రంధ్రం వ్యాసంతో సరిచూస్తే ఆ సిమెంట్ షేల్ పొరదాకా చేరే అవకాశమే లేదు. అక్కడ బయటి సందు ఖాళీ! కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలిస్తే ఆమ్లమవుతుంది, ఉక్కును తినేస్తుంది, సిమెంట్‌నూ మారుస్తుంది. అలాంటి దానికి ఆ సందు నిలువునా దారి.

అసలు తప్పు ఇదీ కాదు తల్లీ. ఆ అమ్మాయి చూపించాక మా ఆఫీసు పెద్దాయనకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. పరువు పోతుందన్న టెన్షన్. ఆ రెండు రోజుల్లోనే మీటింగ్ జరిగి, ఇంజెక్షన్ చోటు, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి పంపే చోటు, ఖాయమైపోయింది. తర్వాత అంతా తిరగతోడాల్సి వచ్చింది. ఆయన తిట్టలేదు, ‘మొన్ననే ఎందుకు చెప్పలేదు?’ అని మాత్రం అడిగాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

లెక్క అయ్యాక మళ్లీ సరిచూడమంటే చిన్నప్పుడు విసుక్కునేదానివి. ఇప్పుడు విసుక్కుంటే ఊరుకోను. ప్రతి బావికీ ప్లగ్ ఒక వరుస, బయటి సిమెంట్ ఇంకో వరుస రాయి. తెలియని చోట ‘తెలియదు’ అనే రాయి, ‘తక్కువ’ అని కాదు.

ఇంకొకటి, ఇంజెక్షన్ మొదలవ్వకముందే సముద్రపు అడుగున కనీసం ఏడాది పాటు కొలతలు తీయించు. నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఋతువును బట్టి మారుతుంది. ఆక్సిజన్ కూడా కొలవమను. జీవుల శ్వాస వల్ల పెరిగితే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది, లీకు వల్ల పెరిగితే అలా తగ్గదు. లేకపోతే ఏ బుడగ కనిపించినా అందరూ హడలిపోతారు.

సర్వే ఓడ ఎక్కే రోజు లైఫ్ జాకెట్ పట్టీ నువ్వే లాగి చూసుకో, ఎవరో బిగించారులే అనుకోకు. పాత కాగితాల్లో చదవలేని పెన్సిల్ అంకెలుంటే ఫోటో తీసి నాకు పంపు. ఎంత రాత్రయినా ఫోన్ ఎత్తుతాను.

మీ పెదనాన్న