తిరుగు బరువుకు తగిన సంచి

అచ్చంపేట

బిడ్డా,

పెదనాన్న ఆశీస్సులు. నీకు అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చిందని, మన్ననూరు వైపు వేశారని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నా మనసు మళ్ళీ అడవిలోనే తిరుగుతోంది. బూట్ల గురించో, పాముల గురించో, ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలనో అడుగుతావనుకున్నాను. నువ్వు రెండు ఫోటోలు పంపి, "వీటిలో ఏ సంచి కొనమంటారు పెదనాన్నా?" అన్నావు. మంచి ప్రశ్న అడిగావు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఈ మాట అడగాలనే తోచలేదు. ఆ తోచకపోవడం ఇప్పటికీ నా ఎడమ భుజంలో నొప్పిగా మిగిలింది.

నువ్వు పంపిన రెండూ వద్దు. మొదటిది కాలేజీకి తీసుకెళ్ళే సంచి. కంప్యూటర్ పెట్టుకోవడానికి అర ఉంది, నడుముకు పట్టీ లేదు. రెండోది అరవై లీటర్ల సంచి. వారం రోజులు మంచు కొండలెక్కేవాళ్ళకు అది సరిపోతుంది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే నీకు అది సగం ఖాళీగా ఊగుతూ, వెదురు పొదల్లో ప్రతి కొమ్మకూ తగులుతూ ఉంటుంది. నీకు కావలసింది ముప్ఫై, ముప్ఫై అయిదు లీటర్లది. కాకపోతే దాని ఎముక గట్టిగా ఉండాలి. ఆ సంగతి వివరంగా రాస్తాను.

సంచి కొనేటప్పుడు అందరూ పొద్దున ఏం పెట్టుకుని బయలుదేరతామో లెక్క వేస్తారు. నువ్వు సాయంత్రం ఏం మోసుకుని వస్తావో లెక్క వెయ్యి. ఈ పాఠం నేను వేటగాళ్ళ దగ్గర పట్టుకున్న సామాను చూసి నేర్చుకున్నాను. దొంగవేటకు వచ్చేవాడి దగ్గర ఒక సద్దిమూట, ఒక కత్తి, మడిచి నడుముకు చుట్టుకున్న ఖాళీ యూరియా సంచి ఉంటాయి. వెళ్ళేటప్పుడు వాడి వీపు మీద ఏమీ ఉండదు. అయినా తిరిగి వచ్చేటప్పటి బరువుకు తయారయ్యే వస్తాడు. వాణ్ణి పట్టుకోవలసిన మనం మాత్రం పుస్తకాల సంచి తగిలించుకుని వెళ్ళేవాళ్ళం.

నీ లెక్క చూద్దాం. మార్చి దాటితే మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు లేకుండా బేస్ క్యాంపు నుంచి కదలకు. అంటే నాలుగు కిలోలు. అన్నం డబ్బా, టార్చిలైటు, మందులు, తాడు, ఫోనుకు విడి బ్యాటరీ కలిపి ఇంకో రెండు కిలోలు. మధ్యాహ్నానికి నీళ్ళు సగమవుతాయి, అన్నం అయిపోతుంది, సంచి తేలికవుతుంది. అసలు బరువు అప్పుడు మొదలవుతుంది. క్లచ్ వైరుతో పన్నిన ఉచ్చులు దొరికితే ఒక్కటి కూడా వదలకుండా విప్పుకుని రావాలి. పులులను ఫోటో తీయడానికి కట్టిన కెమెరాలు దింపే రోజయితే, పులి రెండు పక్కల చారలూ వేరు వేరుగా ఉంటాయి కాబట్టి దారికి అటొకటి ఇటొకటి కడతారు. అయిదు చోట్లు తిరిగితే పది కెమెరాలు. కర్మకాలి ఉచ్చులో పడిన దుప్పి మాంసమో అడవి పంది మాంసమో దొరికితే, రేంజి ఆఫీసు వరకు అదీ మోయాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. అందులో జీపు వెళ్ళే దారులు తక్కువ, మనిషి కాళ్ళ మీదే వెళ్ళవలసిన చోట్లు ఎక్కువ.

నా సంగతి చెబుతాను. చేరిన మొదటి ఏడు, వేసవి. ఇద్దరు చెంచు వాచర్లతో వెళ్ళాను. ఒక వాగు పక్కన మనుషుల అలికిడి విని కేకలు వేస్తే, కోస్తున్న కణుజును, అంటే సాంబర్ జింకను, వదిలేసి పారిపోయారు. రెండు తొడలు, ఒక జబ్బ అప్పటికే విడిగా కోసి ఉన్నాయి. సాక్ష్యం కాబట్టి వదిలి రాలేం. నా సంచిలో ఒక తొడ కుక్కాను. ఫర్లాంగు నడిచేసరికి ఒక పట్టీ కుట్టుతో సహా ఊడి వచ్చింది. మిగిలిన పట్టీని ఎడమ భుజానికి వేసుకుని మొండిగా మరో రెండు కిలోమీటర్లు నడిచాను. చెయ్యి తిమ్మిరెక్కి వేళ్ళు కదలడం మానేశాయి. అప్పుడు పెద్ద వాచర్ ఒక్క మాట కూడా అనకుండా వెదురు కొట్టి, కావడి కట్టి, నా బరువు కూడా అతనే ఎత్తుకున్నాడు. అతని వయసు నాకు రెండింతలు. ఆ రోజు నేను పడ్డ సిగ్గు నువ్వు పడకూడదు.

అందుకే మొదట చూడవలసింది ఎముక, అంటే ఫ్రేము. సంచి వీపు వైపు చెయ్యి పెట్టి నొక్కు. మెత్తటి స్పాంజి ఒక్కటే తగిలితే పక్కన పెట్టెయ్యి. లోపల అల్యూమినియం కడ్డీలు గానీ గట్టి పలక గానీ ఉండాలి. ఎనిమిది, తొమ్మిది కిలోలు దాటాక ఎముక లేని సంచి జారిపోయి, బరువంతా భుజాల మీద వేలాడుతుంది. ఎముక ఉంటే ఆ బరువు కిందికి దిగి నడుముకు చేరుతుంది. మనిషి ఒంట్లో బరువు మోయగలిగినవి నడుమూ తొడలూ. భుజాలు సంచి వెనక్కి పడిపోకుండా పట్టుకుంటే చాలు. నడుము పట్టీ అరచెయ్యంత వెడల్పుగా, మందంగా ఉండాలి. అలంకారానికి కుట్టిన సన్నటి నాడా పనికిరాదు.

ఇక కొలత. ఇది నీ విషయంలో మరీ ముఖ్యం. దుకాణాల్లో ఉండే సంచుల్లో చాలావరకు మగవాళ్ళ వీపు పొడవుకు కుట్టినవే. నీతో చేరిన అమ్మాయిలు చాలామంది ఆ సంచులే కొని, నెల తిరిగేలోగా నడుము నొప్పి అంటారు. ఒళ్ళు అలవాటు పడలేదని తమనే నిందించుకుంటారు. తప్పు సంచిది. నువ్వు తల వంచితే మెడ కింద ఒక ఎముక పైకి పొడుచుకొస్తుంది. అక్కడి నుంచి టేపు మొదలుపెట్టు. రెండు చేతులూ నడుము మీద పెట్టి, తుంటి ఎముక పై అంచు దొరికే వరకు తడుము. బొటనవేళ్ళు వెనక్కి తిప్పితే అవి రెండూ చూపించే గీత దగ్గర టేపు ఆపు. అదే నీ వీపు పొడవు. మీ అమ్మ చేత కొలిపించు; సొంతంగా కొలుచుకుంటే తప్పు వస్తుంది. మనిషి ఎత్తుకూ దీనికీ సంబంధం తక్కువ. పొడవాటి కాళ్ళున్నవాళ్ళకు వీపు పొట్టిగా ఉండవచ్చు. ఆ కొలతకు సరిపోయే సంచి గానీ, భుజం పట్టీలు పైకీ కిందికీ జరపగలిగే సంచి గానీ అడుగు. ఆడవాళ్ళ కోసం కుట్టిన వాటిలో భుజం పట్టీలు ఛాతీ పక్కగా వంపు తిరిగి ఉంటాయి, నడుము పట్టీ తుంటి వాలుకు తగ్గట్టు ఉంటుంది. దొరికితే అదే తీసుకో, రంగు నచ్చకపోయినా సరే.

వేసుకునే పద్ధతి కూడా నేర్చుకో. ముందు అన్ని పట్టీలూ వదులు చెయ్యి. నడుము పట్టీ తుంటి ఎముక మీద సగం పైకి, సగం కిందికి ఉండేట్టు బిగించు. ఆ తర్వాతే భుజం పట్టీలు లాగు. భుజం పైన సంచి తల వైపు వెళ్ళే చిన్న పట్టీలు ఉంటాయి, అవి ఏటవాలుగా నిలిచేంత వరకు లాగు. సంచి ఒంటికి అతుక్కుంటుంది. చివరన ఛాతీ పట్టీ, ఊపిరి ఆడేంత వదులుగా.

బరువు పెట్టుకోవడంలో ఒక మెళకువ ఉంది. బరువైనది వీపుకు ఆనుకుని, రెక్కల ఎముకల మధ్య ఉండాలి. అమెరికా లాంటి దేశాల్లో అనుమతి పత్రం తీసుకుని వేటాడేవాళ్ళకు ప్రత్యేకంగా సంచులున్నాయి. వాటిలో సంచిని ఫ్రేము నుంచి విడదీసి, ఆ రెండింటి మధ్య మాంసం కట్టుకోవచ్చు. బరువు వీపుకు దగ్గరగా ఉంటుంది, రక్తం సామానుకు అంటదు. పొద్దున చిన్న సంచి, సాయంత్రానికి అదే మోపు మోసే చట్రం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, మనం మోసేది జప్తు చేసిన మాంసం. కానీ బరువుకు చట్టం తెలియదు కదా బిడ్డా, ఆ పనితనం మనకూ కావలసిందే. అలాంటిది దొరక్కపోతే, పై మూత దగ్గరే కాకుండా ముందు వైపు కూడా పూర్తిగా తెరుచుకునే జిప్పు ఉన్న సంచి చూడు. మాంసం మూట వీపు వైపు నిలబెట్టి, మిగతా సామాను దాని ముందు పెట్టి, పక్క పట్టీలు గట్టిగా లాగితే ఇంచుమించు అదే పని అవుతుంది. పక్క పట్టీలు రెండు వైపులా రెండేసి ఉండాలి. ఖాళీ సంచిని నొక్కి పెట్టేవీ అవే, బయట వెదురు కర్ర కట్టడానికి పనికొచ్చేవీ అవే.

మాంసం గురించి ఇంకొంచెం. చచ్చిన జంతువు కనిపించగానే చెయ్యి పెట్టకు. ఉచ్చు గానీ గాయం గానీ లేకుండా పడి ఉండి, ముక్కులోంచో ఆసనం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మరోగం (ఆంత్రాక్స్) కావచ్చు. దాన్ని కోయకూడదు, కదపకూడదు, దూరం నుంచే కబురు చెయ్యి. తక్కిన వాటికి చేతి తొడుగులు వేసుకో, సంచిలో ఎప్పుడూ రెండు జతలు పెట్టుకో. మాంసాన్ని నేరుగా ప్లాస్టిక్ కవరులో బిగించి కడితే మన ఎండకు త్వరగా ఉడికినట్టయి కంపు పట్టేస్తుంది. ముందు గాలి ఆడే నూలు గుడ్డలో చుట్టు. సంచి లోపల మందపాటి పాలిథిన్ సంచి పరిచి, మూతి కట్టకుండా అందులో నిలబెట్టు. పరీక్షకు ముక్క తీయడం పశువైద్యుడి పనో రేంజి ఆఫీసర్ పనో అయినా, డబ్బా నీ సంచిలోనే ఉంటుంది. అందులో స్పిరిట్ పోసి ఉండాలి, ఫార్మలిన్ పోయనివ్వకు. హైదరాబాద్‌లో సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ ప్రయోగశాలలో అది ఏ జంతువు మాంసమో డీఎన్ఏ ద్వారా తేలుస్తారు. ఫార్మలిన్ ఆ డీఎన్ఏను పాడు చేస్తుంది. మేక మాంసం అని బుకాయించినవాడి కేసు కోర్టులో నిలబడేది ఆ బొటనవేలంత ముక్క మీదే.

ఇంటికి రాగానే రక్తం మరకలు చన్నీళ్ళతో కడుగు. వేడినీళ్ళు పోస్తే మరక ఉడికి బట్టకు పట్టేస్తుంది. నీడలో ఆరేయి. మాంసం వాసన ఉన్న సంచిని తలకింద పెట్టుకుని బేస్ క్యాంపులో పడుకోకు. ఎలుగుబంటి ముక్కు సంగతి నీకు అక్కడి వాచర్లు చెబుతారు.

బట్ట మందంగా ఉండాలి. రేగు ముళ్ళూ సండ్ర ముళ్ళూ పలుచటి నైలాన్‌ను వారంలో జల్లెడ చేస్తాయి. దుకాణంలో దారం మందాన్ని డెనియర్ అంటారు, అయిదు వందలకు తగ్గనిది అడుగు. బరువు కొంచెం పెరుగుతుంది, ఫరవాలేదు. అడుగు భాగం రెండు పొరలుగా ఉండాలి. నిప్పు రోజుల్లో మాత్రం జాగ్రత్త. ఫిబ్రవరి నుంచి మే వరకు మంటలు ఆర్పడానికి వెళ్ళినప్పుడు ఈ సంచిని వీపు మీద ఉంచుకోకు. నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. నీళ్ళ సీసాలు పాత నూలు కాన్వాసు సంచిలో వేసుకుని వెళ్ళు.

చప్పుడు సంగతి చాలామంది పట్టించుకోరు. నాలుగేళ్ళకోసారి జరిగే పులుల గణనలో తెల్లవారుజామున రెండు కిలోమీటర్ల గీత వెంబడి నడుస్తూ దుప్పులనూ కణుజులనూ లెక్కపెట్టాలి. పర్రుమని ఊడే అతుకు పట్టీ (వెల్క్రో) ఉన్న జేబు ఒక్కసారి తెరిస్తే చాలు, నువ్వు చూడకముందే మంద లేచిపోతుంది. చేత్తో రుద్దితే గరగరలాడే బట్ట వద్దు. అతుకు పట్టీలు వద్దు, జిప్పులూ బకిళ్ళూ చాలు. జిప్పు లాగుడు ముక్కలు ఇనుపవి అయితే పీకేసి దారం ముడి వేసుకో. రంగు ఖాకీ గానీ ముదురు ఆకుపచ్చ గానీ. వానకు పైన తొడిగే కవరు కంటే, యూరియా సంచి లోపల ఉండే పాలిథిన్ పొర కడిగి లోపల పరుచుకోవడం నయం. పై కవరును మొదటి ముళ్ళపొదే లాగేసుకుంటుంది.

జేబులు ఎక్కువ ఉన్నాయని ధర చెబుతారు. ఆ డబ్బు ఎముక మీద, నడుము పట్టీ మీద పెట్టు. నీళ్ళ సీసా మాత్రం సంచి దింపకుండా చేతికి అందాలి. దింపాలంటే బద్ధకించి తాగడం వాయిదా వేస్తాం. వడదెబ్బ తగిలిన మా కుర్రాళ్ళ సంచుల్లో నీళ్ళు మిగిలి ఉండటం నేను కళ్ళారా చూశాను.

దుకాణంలో ఖాళీ సంచి తగిలించుకుని అద్దంలో చూసుకుని కొనకు. ఇంటి నుంచి పది కిలోల బియ్యం మూట పట్టుకెళ్ళు. అందులో వేయించి, అరగంట అక్కడే మెట్లు ఎక్కి దిగు. వాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ. కొన్నాక అదే బియ్యంతో దేవరకొండ కోట ఎక్కు, పొద్దున ఎక్కి ఎండ ముదిరాక దిగు. దిగేటప్పుడే సంచి గుట్టు బయటపడుతుంది. భుజం మీద ఎర్రటి గీత పడితే నడుము పట్టీ పని చేయడం లేదు. తుంటి ఎముక మీద ఒరుసుకుంటే పట్టీ అరంగుళం పైకో కిందికో జరగాలి. బిల్లు పారేయకు, మార్చుకోవలసి రావచ్చు.

మీ పెద్దమ్మ పక్కన కూర్చుని ఇంకొక మాట రాయమంటోంది. నెలసరి సామాను, ఒక జత విడి బట్టలు, పాత పేపరు, ఒక సబ్బు ముక్క తడవని చిన్న సంచిలో పెట్టి అడుగు అరలో ఉంచాలట. అవసరం ఉన్నా లేకపోయినా ఏడాది పొడుగునా అక్కడే ఉండాలట. వచ్చే ఆదివారం సంచి, బియ్యం మూట రెండూ తీసుకుని అచ్చంపేట రా. ఉమామహేశ్వరం దాకా నడుద్దాం. పట్టీ ఎక్కడ బిగించాలో నీ వీపు చూసి నేనే గుర్తు పెడతాను.

మీ పెదనాన్న