తొడ నొప్పి టోర్నికెట్ వల్లేనా?
ఏసీఎల్ (మోకాల్లో ఎముకల్ని పట్టి ఉంచే ఒక లిగమెంట్) ఆపరేషనై రెండు వారాలైనా తొడ నొప్పి తగ్గలేదు, కాలు లేపలేకపోతున్నా, టోర్నికెట్ వల్ల కండ పాడైందా అని అడిగారు కదండీ, అంత భయం వద్దు. ఆపరేషన్ చేసేటప్పుడు మోకాలి లోపల రక్తం అడ్డురాకుండా క్లియర్‌గా కనబడాలని తొడకి టోర్నికెట్ అనే పట్టీ బిగిస్తారు, మామూలుగా 2 గంటలు దాటనివ్వరు, ఆ ఒత్తిడికి కండ కమిలినట్టై కొన్నాళ్ళు నొప్పి ఉంటుంది. కానీ కాలు లేవకపోవడానికి ఎక్కువగా కారణం మోకాల్లో వాపు, అది ఉన్నంతకాలం నరాలు తొడ కండని సరిగా పనిచేయనివ్వవు. టోర్నికెట్ వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ కొన్ని నెలలు పోయాక బలంలో పెద్ద తేడా ఉండదు. ఐస్ పెట్టండి, కాలు చాపి తొడ బిగించి 5 సెకన్లు పట్టి వదలండి, రోజుకి చాలాసార్లు, ఫిజియో మాత్రం అస్సలు మానకండి. పిక్క వాచి నొప్పొచ్చినా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి, ఆయాసం వస్తే నేరుగా ఎమర్జెన్సీకే.