అకౌంటు అద్దెకు ఇవ్వవచ్చా?

ప్రశ్న: నల్లకుంటలో రూమ్ తీసుకుని పీజీ చదువుతున్నాను. తెలిసిన సీనియర్ ఒకాయన నా బ్యాంకు అకౌంటు వాడుకోనిస్తే నెలకు 5 వేలు ఇస్తానంటున్నాడు. ఏటీఎం కార్డు, ఆ అకౌంటుకున్న సిమ్ ఇస్తే చాలట. గేమింగ్ కంపెనీ డబ్బులంటున్నాడు. నా అకౌంట్లో ఉన్నది 640 రూపాయలే, పోయేదేముంది అనిపిస్తోంది. రూమ్మేట్ పోయిన వారమే ఇచ్చేశాడు.

జవాబు: ఇవ్వకు బాబూ. 29 ఏళ్లు బ్యాంకులో పనిచేసినదాన్ని, ఇలాంటి పిల్లలను కౌంటర్ ముందు చూశాను. ఒకబ్బాయి వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. స్కాలర్‌షిప్ పడింది, తీసుకోవడానికి లేదు. అకౌంటు ఫ్రీజ్ అయింది. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఫిర్యాదు. ఆ తల్లి నన్నడిగింది ఒక్కటే, "మావాడు దొంగతనం చేశాడా అమ్మా?" అని. నాకు నోట మాట రాలేదు.

ఆ డబ్బు గేమింగ్‌ది కాదు. పార్ట్‌టైమ్ జాబ్ అనో, పోలీసులమంటూ వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్ట్' అనో ఎవరినో బెదిరించి, మభ్యపెట్టి లాగింది. నిమిషాల్లో ఒక అకౌంటు నుంచి ఇంకో అకౌంటుకు మారుస్తారు. మోసపోయినవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, డబ్బు వెళ్లిన దారి పట్టుకుని ఒక్కో అకౌంటునూ ఆపుతారు. వీటినే మ్యూల్ అకౌంట్లంటారు. పోలీసులకు ముందు దొరికేది నీ పేరు, నీ ఆధార్, నీ ఊరి అడ్రసు. సీనియర్ పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం 66డి సెక్షన్ కింద నేరం రుజువైతే 3 ఏళ్ల దాకా జైలు. నాకు తెలియదంటే కేసు తనంతట తాను పోదు.

సిమ్ ఇవ్వడం కార్డు కంటే ప్రమాదం. ఓటీపీలన్నీ దానికే వస్తాయి కదా.

ఇప్పుడు నా టెన్షన్ అంతా మీ రూమ్మేట్ గురించే. ఈ రోజే బ్రాంచికి వెళ్లి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ బ్లాక్ చేయించమను. జరిగింది కాగితం మీద రాసిచ్చి, ముద్ర వేసిన కాపీ తీసుకోవాలి. సిమ్ కంపెనీ దగ్గర పాత సిమ్ ఆపించి, అదే నంబరుతో కొత్తది తీసుకోవాలి. తెలియని డబ్బు పడి ఉంటే ఒక్క రూపాయి కూడా తీయకూడదు, ఎవరికీ పంపకూడదు. సీనియర్‌తో జరిగిన చాట్లు చెరపకూడదు. అవి పట్టుకుని సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి తానే వెళ్లడం మంచిది. ఇంట్లో కూడా చెప్పాలి. నోటీసు వచ్చాక తెలిస్తే వాళ్లు తట్టుకోలేరు.

అతన్ని ఒక్కడినే పంపకు, నువ్వూ వెళ్లు. భయపడి బ్యాంకు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లను చూశాను.