పన్ను తీయించుకునే ముందు

అమ్మలూ,

నిన్న ఫోన్లో "పన్ను పీకించుకోను పెద్దమ్మా, నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చేస్తాను" అని ఏడ్చావు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఏడేళ్ళప్పుడు నిన్ను ఇద్దరు కదలకుండా పట్టుకుని పన్ను పీకారు. ఆ భయం ఒంట్లో ఉండిపోయింది, అందులో నీ తప్పేమీ లేదు. కానీ ఆ జ్ఞానదంతం వల్ల ఇప్పటికి రెండుసార్లు దవడ వాచింది. ఇక ఆగకూడదు.

మత్తు ఇస్తే ఒళ్ళు తెలియకుండా పడిపోతానని కదా నీ బెంగ? పళ్ళ దగ్గర ఇచ్చేది చాలావరకు అంత మత్తు కాదు. పిలిస్తే పలుకుతావు, నోరు తెరవమంటే తెరుస్తావు. చిగురుకి తిమ్మిరి ఇంజెక్షన్ మాత్రం తప్పదు. నొప్పిని ఆపేది అదే, మత్తు తగ్గించేది నీ టెన్షన్‌ని.

నీకు ముందు గ్యాస్ చాలేమో చూడమంటాను. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు తన పన్నునే పీకించుకుని పరీక్షించుకున్న నైట్రస్ ఆక్సైడే ఇది. ఇప్పుడు దాన్ని ఆక్సిజన్‌తో కలిపి ముక్కుకి మాస్కు పెట్టి ఇస్తారు. మంచి మిషన్ ఆక్సిజన్‌ని 30 శాతం కంటే తగ్గనివ్వదు. చివర్లో కాసేపు ఉత్త ఆక్సిజన్ ఇస్తే నిమిషాల్లో మామూలు మనిషివవుతావు. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే మాత్రం పనిచెయ్యదు. ఇంకోటి, పోయినేడు నువ్వు బీ12 ఇంజెక్షన్లు వేయించుకున్నావు. ఈ గ్యాస్ బీ12ని పనిచెయ్యనివ్వదు కాబట్టి ఆ సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెప్పు. నెల తప్పావేమోనన్న అనుమానం ఉన్నా దాచకు.

గ్యాస్ చాలకపోతే నరంలో మిడజోలమ్ అనే మత్తుమందు ఇస్తారు. కొద్దికొద్దిగా ఎక్కిస్తూ చూస్తారు, జరిగింది తర్వాత పెద్దగా గుర్తుండదు. దానికి విరుగుడు మందు ఉంది, కానీ ఆ విరుగుడు త్వరగా దిగిపోయి మత్తు మళ్ళీ కమ్ముకోవచ్చు. అందుకే ఇచ్చాక కూడా మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. నీ స్నేహితురాలు ఇచ్చిన నిద్రమాత్ర ఉంది చూడు, అది అసలు ముట్టుకోకు. ఇంట్లో మింగేసి వెళ్తే ఎంత ఎక్కుతుందో, ఎప్పుడు ఎక్కుతుందో ఎవరూ చెప్పలేరు. దాని మీద డాక్టరు ఇచ్చే మందు తోడైతే ప్రమాదం.

ముప్ఫై ఏళ్ళు మత్తు డాక్టరుగా చేశాను. ఈ మందుల్లో నన్ను భయపెట్టేది ఒక్కటే, ఊపిరి. మత్తు ఎక్కువైతే నాలుక వెనక్కి వాలుతుంది, నోట్లో నీళ్ళు, రక్తం ఉంటాయి. పళ్ళ డాక్టరు కళ్ళు పంటి మీద ఉంటాయి. మరి నీ ఊపిరి మీద ఎవరి కళ్ళు ఉంటాయి? ఈ ప్రశ్న మొహమాటం లేకుండా అడుగు. పని చేసే డాక్టరే మత్తునీ చూసుకుంటానంటే, నరంలో మందుకి ఒప్పుకోకు. కరోనాలో మనం వేలికి పెట్టుకున్న ఆక్సిమీటర్ అక్కడా ఉండాలి. కానీ ఊపిరి ఆగిన వెంటనే దాని అంకె పడిపోదు, ఆక్సిజన్ ఇస్తుంటే మరీ ఆలస్యం. ఛాతీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చునే మనిషి వేరే ఉండాలి.

ఒకసారి ఒక క్లినిక్‌కి పిలిస్తే వెళ్ళాను. ఆక్సిజన్ సిలిండర్ తిప్పి చూస్తే ఖాళీ. మత్తు ఇవ్వనని చెప్పి వచ్చేశాను. పాపం ఆ పేషెంటు ఒక పెద్దాయన, పొద్దున్నుంచి పస్తున్నాడు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది, అయినా ఆ రోజు చేసింది సరైనదే.

నిద్రలో గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందేమో మీ ఆయన్ని అడిగి, ఉంటే డాక్టరుకి చెప్పు. నరంలో మందైతే టిఫిన్ 6 గంటల ముందే ఆపాలి, మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. పాలు కలిపిన కాఫీ టిఫిన్ కిందే లెక్క. ఆ మందు ఇచ్చాక 24 గంటలు స్కూటీ వద్దు, పొయ్యి దగ్గర పని వద్దు, బ్యాంకు కాగితాల మీద సంతకాలు వద్దు.

కుర్చీలో కూర్చునే ముందే డాక్టరుగారితో మాట అనుకో, ఎడమ చెయ్యి ఎత్తితే పని ఆపాలని. ఆయన నంబరు పంపించు, నేనూ ఒకసారి మాట్లాడతాను. తేదీ ఖాయమైతే చెప్పు, ముందురోజు బస్సుకే వస్తాను.

నీ పెద్దమ్మ