తాల్ముద్ చదువు కోసం పొలం అమ్మాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. సెలవుల్లో సరదాగా హీబ్రూ అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు ఎంటెక్ వద్దంటోంది, విదేశాలకు వెళ్లి తాల్ముద్ అనే యూదుల ధర్మశాస్త్ర గ్రంథం చదువుతానంటోంది. మేం యూదులం కాదు. బయటివాళ్లను చేర్చుకుంటారా? ఆ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? రెండెకరాల పొలం ఉంది, అమ్మి పంపమంటారా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. పొలం అమ్మకండి. ఎడ్యుకేషన్ లోన్ కూడా వద్దు. ఈ చదువుకు వాళ్లు స్టైపెండ్ ఇచ్చి పిలిస్తేనే వెళ్లాలి, మనం ఫీజు కట్టి వెళ్లకూడదు. అమెరికాలో పెద్ద యూనివర్సిటీలు పీహెచ్‌డీ విద్యార్థులకు ఫీజు లేకుండా స్టైపెండ్ ఇస్తాయి. మాస్టర్స్‌కు అలా ఇచ్చేవి తక్కువ. ఆ పిలుపు రావాలంటే అమ్మాయి చేతిలో ఏం ఉండాలన్నదే మనం చూడాలి.

చేర్చుకుంటారా అని అడిగారు. యెషివా అనే మత పాఠశాలల్లో తాల్ముద్ చదవడం భక్తిలో భాగం. అవి యూదుల కోసమే, సంప్రదాయ యెషివాల్లో అయితే మగపిల్లలకే. యూనివర్సిటీ సంగతి వేరు. అక్కడ మీ మతం ఏమిటని అడగరు, మీకు ఏ భాష వచ్చని అడుగుతారు. తాల్ముద్‌కు ప్రవేశిక లాంటి పుస్తకాన్ని 1887లో రాసిన హెర్మన్ స్ట్రాక్ బెర్లిన్‌లో ప్రొటెస్టెంట్ పండితుడు. మన కాలంలో ప్రిన్స్‌టన్‌లో ఈ సబ్జెక్టు బోధించిన పీటర్ షేఫర్ కూడా యూదుడు కాదు.

అమ్మాయి దేనికి ఆకర్షితురాలైందో మీకూ కొంత తెలియాలి. క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ, అంటే యూదు మతగురువు, యెహూదా హనాసీ గలిలయలో నోటి సంప్రదాయాలను క్రోడీకరించారు. దాన్ని మిష్నా అంటారు. దానిమీద తరాల తరబడి సాగిన వాదోపవాదాలు గెమారా. రెండూ కలిస్తే తాల్ముద్. ఎక్కువమంది చదివేది బబులోను తాల్ముద్, అంటే ఇప్పటి ఇరాక్‌లో తయారైనది. పేజీ మధ్యలో మూలం, ఒక పక్క 11వ శతాబ్దపు ఫ్రాన్స్ పండితుడు రాషి వ్యాఖ్యానం, ఇంకో పక్క ఆయన తర్వాతివాళ్లు రాసిన తోసాఫోత్ అనే వ్యాఖ్యలు. టీకా తాత్పర్యాలతో అచ్చయిన మన పాత పుస్తకాలు చూసినవాళ్లకు ఈ పేజీ పరాయిగా అనిపించదు. మొత్తం 2,711 పత్రాలు, అంటే రెండు వైపులా అచ్చయిన కాగితాలు. రోజుకొకటి చదివే ఆచారం 1923లో మొదలైంది. పూర్తికావడానికి సుమారు ఏడున్నరేళ్లు, సరిగ్గా మన ఏలినాటి శని అంత!

బావా మెసియా అనే భాగం ఇలా మొదలవుతుంది: ఇద్దరు ఒకే దుప్పటి పట్టుకుని, నాదంటే నాదంటున్నారు. చెరిసగం. మరి ఒకడు మొత్తం నాదని, రెండోవాడు సగమే నాదని అంటే? మొదటివాడికి ముప్పావు, రెండోవాడికి పావు. సగం మీద రెండోవాడికి పేచీయే లేదు కదా, పేచీ ఉన్న సగాన్నే పంచారు. ఇంకోచోట ఒకాయన ముగ్గురు భార్యలను వదిలి చనిపోతాడు. వాళ్లకు రావాల్సినవి 100, 200, 300. ఆస్తి 200 మాత్రమే ఉంటే 50, 75, 75గా పంచాలంటుంది మిష్నా. ఈ లెక్క ఎలా వచ్చిందో వ్యాఖ్యాతలకు శతాబ్దాల పాటు కొరకరాని కొయ్య. ముగ్గురిలో ఏ ఇద్దరిని తీసుకున్నా వాళ్ల వాటాలు దుప్పటి సూత్రం ప్రకారమే ఉన్నాయని గేమ్ థియరీ పండితులు రాబర్ట్ ఆమన్, మైకేల్ మాష్లర్ 1985లో చూపించారు. ఆమన్‌కు 2005లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. లెక్కలొచ్చిన పిల్లకు ఇది నచ్చిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

కాబట్టి కంప్యూటర్ చదువును తను వదిలేయకూడదు. కైరోలోని ఒక యూదు ప్రార్థనామందిరపు గదిలో దొరికిన పాత రాతప్రతుల ముక్కలు ఒక్క కేంబ్రిడ్జ్‌లోనే లక్షా తొంభై వేలకు పైగా ఉన్నాయి. ఏ ముక్క ఏ పుస్తకానిదో ఇమేజ్ ప్రాసెసింగ్‌తో జతచేసే పని టెల్ అవీవ్ యూనివర్సిటీ కంప్యూటర్ సైంటిస్టులు చేశారు. కోడింగూ, తాల్ముద్‌లో ఎక్కువగా కనిపించే అరామిక్ భాషా రెండూ వచ్చినవాళ్లు చాలా అరుదు.

అసలు చిక్కు భాషతోనే. మామూలు ముద్రణలో తాల్ముద్‌కు అచ్చు గుర్తులుండవు, అన్నీ హల్లులే. కామా, ఫుల్‌స్టాప్ కూడా ఉండవు. మన గుణింతం గుర్తులన్నీ తీసేసి తెలుగు పేజీ చదవమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మిష్నా హీబ్రూలో ఉంటుంది, గెమారాలో ఎక్కువ భాగం అరామిక్. పరిశోధన వ్యాసాలకు నేటి హీబ్రూ కావాలి, జర్మన్ వస్తే ఇంకా మంచిది. ఏదో ఆసక్తితో వచ్చిన చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సెఫారియా అనే ఉచిత వెబ్‌సైట్‌లో మూలం, ఇంగ్లీష్ అనువాదం పక్కపక్కనే ఉంటాయి. బావా మెసియా మొదటి అధ్యాయంతో ఆరు నెలలు కుస్తీ పట్టమనండి. అనువాదం మూసేసి ఒక్క పత్రం చదవగలిగితే అప్పుడు అప్లికేషన్ల మాట మాట్లాడుకుందాం. కేరళలో కొట్టాయంలోని సీరీ సంస్థలో సిరియాక్ నేర్పుతారు. లిపి వేరైనా అది బబులోను అరామిక్‌కు చెల్లెలి లాంటి భాష. విదేశాలకు వెళ్లకుండానే చేసి చూడగల ప్రయోగం అది.

ఒకవేళ తన ఆసక్తి గ్రంథం మీద కాక యూదుల జీవితం మీద అయితే దారి వేరు. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం ఉంది. అలాంటి పరిశోధనకు ఆంత్రోపాలజీ చదవాలి. దానికి అరామిక్ కంటే తెలుగే ఎక్కువ పనికొస్తుంది.

ఉద్యోగం మాట దాచకుండా చెబుతాను. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆ తర్వాత పర్మినెంట్ ప్రొఫెసర్ పోస్టులు ప్రపంచమంతా వెతికినా కొన్నే. లైబ్రరీలు, రాతప్రతుల డిజిటల్ ప్రాజెక్టులు ఉన్నాయి గానీ వాటిలో చాలావరకు రెండు మూడేళ్ల కాంట్రాక్టులే. జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీ ఈ చదువుకు పెద్ద పేరు. కానీ యుద్ధ పరిస్థితులు, మన విదేశాంగ శాఖ సూచనలు చూడకుండా అడుగు వేయొద్దు.

క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వచ్చినప్పుడు మాత్రం తప్పకుండా కూర్చోమనండి. పగలు ఉద్యోగం, రాత్రి అరామిక్. రెండేళ్ల తర్వాత కూడా రాత్రిపూట ఆ పుస్తకం తెరుస్తుంటే నాకు మళ్లీ ఉత్తరం రాయండి. ఈసారి తననే రాయమనండి.